ఇంటి నీటి బిల్లు: పెరగడానికి కారణాలు, పట్టుకునే పద్ధతులు

ఇంటి నీటి బిల్లు ఉన్నట్టుండి పెరిగితే కారణం మూడు చోట్లలో ఒకచోట ఉంటుంది: బిల్లు లెక్కలో, మీటరులో, లేదా మీటరు దాటాక ఇంటి ఆవరణలో. అనుమానం మాత్రం ఎప్పుడూ మూడోదాని మీదకే, అందులోనూ చుక్కచుక్కగా కారే కుళాయి మీదకే ముందు పోతుంది. హైదరాబాద్ వంటి నగరంలో ఈ వరుసలో వెతికితే చాలాసార్లు అసలు కారణం చేతికి చిక్కదు. ఇక్కడ చాలా ప్రాంతాలకు నీళ్లు రోజు విడిచి రోజు, అదీ కొద్దిసేపే వస్తాయి. వచ్చిన నీళ్లు ముందు సంపులో పడతాయి, మోటారుతో మిద్దె మీది ట్యాంకుకు ఎక్కుతాయి, అక్కడి నుంచి గదుల్లోకి దిగుతాయి. ఇరవై నాలుగు గంటలూ పైపులో ఒత్తిడి ఉండే దేశాల్లో పుట్టిన లీకేజీ పరీక్షలు ఇలాంటి ఇళ్లలో ఉన్నవి ఉన్నట్టుగా పనిచేయవు. ఈ వ్యాసం ప్రధానంగా హైదరాబాద్ మహానగర నీటి సరఫరా, మురుగునీటి పారుదల బోర్డు, అంటే వాడుకలో జలమండలి, ఇచ్చే గృహ కనెక్షన్ల గురించి.

నేపథ్యం

1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) నగరానికి దగ్గరి చెరువులు. ఊరు పెరిగేకొద్దీ నీటి కోసం దూరం పోవలసి వచ్చింది. మంజీరా, సింగూరు తర్వాత 2004లో నాగార్జునసాగర్ వైపు నుంచి కృష్ణా జలాలు, 2015లో ఎల్లంపల్లి నుంచి గోదావరి జలాలు వచ్చాయి. ఈ రెండు నదుల నీరూ నూరు కిలోమీటర్లకు పైగా పైపుల్లో ప్రయాణించి, మధ్యలో పలుచోట్ల పంపులతో ఎత్తిపోస్తే తప్ప నగరం చేరదు. ఇంట్లో సంపు నుంచి వృథాగా పోయే బకెట్టు నీళ్ల వెనుక అంత కరెంటు ఖర్చు ఉంది.

జలమండలి 1989 నవంబరు 1న ఏర్పడింది. 2021 జనవరిలో ఇళ్లకు నెలకు 20 కిలోలీటర్ల, అంటే 20,000 లీటర్ల, ఉచిత నీటి పథకం మొదలైంది. లెక్కను 2020 డిసెంబరు నుంచి వర్తింపజేశారు. మురికివాడలను మినహాయిస్తే, పనిచేసే మీటరు ఉండటం, ఆధార్‌ను కనెక్షన్‌కు అనుసంధానం చేసుకోవడం ఇందుకు షరతులు. అప్పటిదాకా మీటరు మాట పట్టించుకోని ఎన్నో ఇళ్లకు ఈ షరతుతో మీటరు వచ్చింది. నీళ్లు ఎటు పోతున్నాయన్న ప్రశ్న ఆ ఇళ్లలో మొదటిసారి డబ్బు లెక్కగా మారింది.

బిల్లును చదవడం

బిల్లులో మొదట చూడవలసింది మొత్తం రూపాయలు కాదు, రీడింగులు. గత రీడింగు, ప్రస్తుత రీడింగు, ఈ రెండింటి మధ్య రోజులు, మీటరు స్థితి, కనెక్షన్ తరగతి, పాత బకాయి. ఈ ఆరు గళ్లు సరిగా చదివితే చాలా బిల్లుల గుట్టు ప్లంబరును పిలవకముందే విడిపోతుంది.

మీటరు పనిచేయడం లేదనో, తాళం వేసి ఉందనో రాసి ఉంటే ఆ బిల్లు వాడకాన్ని కొలిచి వేసినది కాదు, సగటు మీద వేసినది. తర్వాత ఎప్పుడో అసలు రీడింగు తీసినప్పుడు తేడా అంతా ఒక్క నెలలోనే కనిపిస్తుంది. అది లీకేజీ కాదు, పేరుకుపోయిన లెక్క. బకాయి సంగతీ ఇంతే. ఉచిత పథకానికి అనుసంధానం చేసుకునే గడువును పలుమార్లు పొడిగించి చివరికి 2021 డిసెంబరు 31తో ముగించారు. చేసుకోనివారికి అన్ని నెలల బిల్లూ కలిపి ఒక్కసారిగా చేతికొచ్చింది. ‘ఇన్ని నీళ్లు మేం ఎప్పుడు వాడాం’ అని గాభరా పడినవారిలో చాలామంది ఇళ్లలో ఒక్క చుక్కయినా లీకై ఉండదు.

తరగతి మారితే బిల్లు మారిపోతుంది. కింద చిన్న దుకాణమో ట్యూషన్ సెంటరో ఉన్న ఇల్లు వాణిజ్య కనెక్షన్ కిందకు వెళ్లిందేమో చూసుకోవాలి. దుకాణం ఖాళీ చేసి ఏళ్లయినా తరగతి అలాగే ఉండిపోయిన ఇళ్లు ఉంటాయి. గృహ తరగతిలోనూ ధర ఒకటే కాదు. 2011 డిసెంబరు టారిఫ్ ప్రకారం మొదటి 15 కిలోలీటర్లకు ఒక్కోదానికి 10 రూపాయలు, 16 నుంచి 30 దాకా 12, 31 నుంచి 50 దాకా 22, 51 నుంచి 100 దాకా 27. ఆ పైన ఇంకా ఎక్కువ. నీటి చార్జీ మీద 35 శాతం సీవరేజ్ సెస్ కలుస్తుంది. మురుగు కాలువలోకి పోయిన నీళ్లయినా, సంపు పగులులోంచి నేలలోకి ఇంకిన నీళ్లయినా సెస్‌కు తేడా లేదు. శ్లాబుల వల్ల ఒకే లీకేజీ అందరికీ ఒకే ధర పడదు. నెలకు 12 కిలోలీటర్లు వాడే ఇంట్లో ఎనిమిది కిలోలీటర్లు లీకైతే బిల్లులో కనబడనే కనబడదు, ఉచిత పరిమితి దాన్ని మింగేస్తుంది. 28 వాడే ఇంట్లో అదే లీకేజీ 22 రూపాయల శ్లాబులోకి నెడుతుంది. ఉచిత పథకంలో ఉన్న ఇళ్లలో లీకేజీలు ఏళ్ల తరబడి బయటపడకపోవడానికి ఇదొక కారణం.

తలసరి లెక్క

కేంద్ర ప్రభుత్వ పట్టణ నీటి సరఫరా ప్రమాణం మనిషికి రోజుకు 135 లీటర్లు. అయిదుగురు ఉన్న ఇంటికి ఇది రోజుకు 675 లీటర్లు, ముప్పై రోజులకు 20 కిలోలీటర్ల పైచిలుకు. అంటే ఉచిత పరిమితి అయిదుగురి కుటుంబానికి దాదాపు సరిగ్గా సరిపోయే కొలత. అత్తమామలు, పెళ్లయిన కొడుకు, పిల్లలు కలిసి ఎనిమిది మంది ఉంటే ప్రమాణం ప్రకారమే 32 కిలోలీటర్లు దాటుతుంది. ఆ ఇంట్లో లీకేజీ వెతకడం దండగ.

బిల్లులోని వాడకాన్ని రోజులతో, మనుషులతో భాగించాలి. 135 చుట్టూ వస్తే వాడకమే అంత. 200 దాటితే వెతకాలి. 300 దాటిందంటే నీళ్లు మనుషులు వాడటం లేదు, ఎటో పోతున్నాయి. బోరు కూడా ఉన్న ఇంట్లో ఈ లెక్క తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే బోరు నీళ్లు ఏ మీటరులోనూ పడవు. అలాంటి ఇంట్లో లీకేజీ ముందు కరెంటు బిల్లులో కనిపిస్తుంది.

మీటరు

ఇళ్లకు పెట్టే మీటర్లకు భారతీయ ప్రమాణం ఐఎస్ 779. దీని ప్రకారం కొత్త మీటరులో సన్నటి ధార దగ్గర అయిదు శాతం, మామూలు ప్రవాహంలో రెండు శాతం వరకు తేడా ఒప్పుకుంటారు. నల్ల అంకెలు కిలోలీటర్లు, ఎర్ర అంకెలు లేదా చిన్న ముళ్లు అందులో భాగాలు. మధ్యలో నక్షత్రంలా కనిపించే చిన్న చక్రం ఉంటుంది. సన్నగా నీళ్లు పారినా అది తిరుగుతుంది.

మీటరు పాతబడితే ఎక్కువ తిరుగుతుందని జనం అనుకుంటారు. యంత్రంతో తిరిగే మీటరు అరిగితే సాధారణంగా జరిగేది దీనికి ఎదురు: అది మందగించి తక్కువ చూపిస్తుంది. పాత మీటరు తీసి కొత్తది పెట్టిన నెల నుంచి బిల్లు పెరిగిందంటే కొత్త మీటరు చెడ్డదని కాదు, పాతది ఇన్నాళ్లూ మీ పక్షాన ఉందని. ఈ నిజం ఎవరికీ నచ్చదు, కానీ ఫిర్యాదు చేయబోయే ముందు గుర్తుంచుకోవాలి.

మీటరు నిజంగా ఎక్కువ చూపించే సందర్భం ఒకటుంది. రోజంతా ఖాళీగా ఉన్న పైపులోకి నీళ్లు వదిలినప్పుడు ముందున్న గాలి ఒత్తిడికి బయటికి తన్నుకొస్తుంది. నల్లా బుసకొట్టే ఆ మొదటి నిమిషాల్లో మీటరు చక్రం నీళ్లు లేకుండానే గిర్రున తిరుగుతుంది. ఎత్తు ప్రాంతాల్లో, లైను చివరి ఇళ్లలో ఇది ఎక్కువ. ఎంత తేడా పడుతుందో తెలియాలంటే నీళ్లు వచ్చే వేళకు మీటరు దగ్గర నిలబడి, బుస మొదలైనప్పుడు ఒక రీడింగు, నీటి ధార నిలకడగా పడ్డాక మరో రీడింగు ఫోనుతో వీడియో తీయాలి. వీధి లైన్లలో గాలి వాల్వులు సరిచేయడం బోర్డు పని, వీడియో ఉంటే ఆ మాట గట్టిగా అడగవచ్చు.

లైనుకే మోటారు బిగించి లాగడం మరో సంగతి. ఇది నిబంధనలకు విరుద్ధం. దాంతో గాలి ఇంకా ఎక్కువ వస్తుంది, పైపులో ఒత్తిడి పడిపోయి పాత అతుకుల్లోంచి మురుగు లోపలికి వస్తుంది, పక్కింటికి నీళ్లు అందవు. 2025 ఏప్రిల్‌లో జలమండలి ఇలాంటి మోటార్ల మీద ప్రత్యేక తనిఖీలు మొదలుపెట్టి, మోటారు జప్తుతో పాటు 5,000 రూపాయల జరిమానా ప్రకటించింది.

సంపు, ట్యాంకు

హైదరాబాద్ ఇళ్లలో అసలు కథ ఇక్కడుంది. ఇంటర్నెట్‌లో దొరికే సలహా ప్రతిదీ ఒకటే చెబుతుంది: కుళాయిలన్నీ కట్టేసి మీటరు చూడండి, తిరుగుతుంటే లీకేజీ ఉన్నట్టే. నీళ్లు రాని వేళ ఇక్కడ మీటరు ఎలాగూ తిరగదు. నీళ్లు వచ్చే వేళ అది సంపు నింపుతూ తిరుగుతుంది. స్నానాల గది లీకేజీ మీటరుకు నేరుగా తెలియదు, సంపు ఎంత ఖాళీ అయిందన్న రూపంలోనే తెలుస్తుంది. అందుకని పరీక్షను ముక్కలు చేయాలి.

మొదటి ముక్క మీటరు నుంచి సంపు దాకా ఉన్న పైపు. నీళ్లు వస్తుండగా సంపులోకి వెళ్లే వాల్వును, లైను నుంచి నేరుగా నీళ్లు పట్టుకునే కింది నల్లాను పూర్తిగా కట్టేయాలి. నక్షత్రం ఆగిపోతే ఆ పైపు మంచిదే. తిరుగుతూనే ఉంటే నేలలో లీకేజీ ఉన్నట్టే. వాల్వే సరిగా పట్టని ఇళ్లలో మరో దారి ఉంది. నీళ్లు మొదలవకముందు మీటరు రీడింగు, సంపులో నీటి మట్టం రాసుకోవాలి. మోటారు వేయకుండా, కింది నల్లా తిప్పకుండా ఉండి, నీళ్లు ఆగాక రెండూ మళ్లీ రాయాలి. రెండు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు ఉన్న సంపులో ఒక సెంటీమీటరు మట్టం అంటే 30 లీటర్లు. మట్టం 80 సెంటీమీటర్లు పెరిగితే 2,400 లీటర్లు చేరినట్టు. మీటరు 3,000 చూపిస్తే ఆ 600 లీటర్ల తేడాకు పైపు, గాలి, మీటరు, ఈ మూడింటిలో ఒకటి సమాధానం చెప్పాలి.

రెండో ముక్క సంపు. రాత్రి పడుకోబోయే ముందు మోటారు ఆపి, పొడి కర్రను సంపులో అడుగు దాకా దించి తడిసిన చోట గీత పెట్టాలి. నీళ్లు వదిలే రాత్రి కాకుండా చూసుకోవాలి. తెల్లవారి మళ్లీ దించాలి. ఎనిమిది గంటల్లో రెండు సెంటీమీటర్లు తగ్గిందనుకుందాం. పై కొలతల సంపులో అది 60 లీటర్లు, రోజుకు 180, నెలకు అయిదు కిలోలీటర్లకు పైనే. సంపు నిండుగా ఉన్నప్పుడు తగ్గి, ఒక మట్టం దగ్గర ఆగిపోతే పగులు ఆ మట్టంలో ఉందని అర్థం. వానాకాలంలో తెల్లవారేసరికి మట్టం పెరిగి ఉంటే అది ఇంకా చెడ్డ వార్త. బయటి నీళ్లు, పక్కన డ్రైనేజీ ఉంటే ఆ నీళ్లు కూడా, సంపులోకి వస్తున్నాయి. అప్పుడు బిల్లు సంగతి తర్వాత, ఆ నీళ్లు తాగడం, వంటకు వాడటం వెంటనే ఆపాలి. యజమాని అద్దెకున్నవాళ్లను, వాళ్లు పనిమనిషిని తప్పుపట్టే ముందు ఎవరో ఒకరు సంపులో కర్ర దించి చూడటం అందరికీ మంచిది.

సంపు పొంగిపోవడం పగులు కన్నా సామాన్యమైన తప్పు. నీళ్లు అర్ధరాత్రి దాటాక వదిలే లైన్లలో, సంపు నిండగానే ధారను ఆపే ఫ్లోట్ వాల్వు లేకపోయినా పనిచేయకపోయినా, నిండిన సంపు ఓవర్‌ఫ్లో పైపు గుండా నేరుగా డ్రైనేజీలోకి పోతుంది. పైపు భూమిలోంచి వెళ్లడం వల్ల చప్పుడుండదు, తడి కనిపించదు. మీటరు మాత్రం పోయిన ప్రతి లీటరునూ రాసుకుంటుంది. పట్టుకునే ఉపాయం సులభం: సంపు లోపల ఓవర్‌ఫ్లో పైపు నోట్లో పొడి ముగ్గు చల్లి వదిలేసి, నీళ్లు వచ్చి ఆగాక చూడాలి. కొట్టుకుపోయి ఉంటే దొంగ దొరికినట్టే. ఫ్లోట్ వాల్వులో చెడేవి రెండే. ప్లాస్టిక్ బంతి పగిలి లోపలికి నీళ్లు చేరి తేలడం మానేస్తుంది, లేదా రబ్బరు వాషరు గట్టిపడి ధారను ఆపలేకపోతుంది. బంతిని తీసి చెవి దగ్గర ఊపితే నీళ్ల చప్పుడు వినిపిస్తుంది. రెండూ చవకైన సామాను, అరగంట పని.

సంపు పగుళ్లకు పైపైన ఎం-సీల్ రుద్దడం, తడి మీదనే సిమెంటు పూయడం ఎక్కువ కాలం నిలిచే పనులు కావు. సంపు ఖాళీ చేసి, గోడ ఆరనిచ్చి, పగులును వి ఆకారంలో చెక్కి వాటర్‌ప్రూఫ్ మిశ్రమంతో నింపి, లోపలి గోడలంతా పూత వేయించాలి. పగుళ్లు అనేకం ఉంటే జాలీ వేసి కొత్త ప్లాస్టరింగ్ చేయించడమే మార్గం. సంపులో దిగేముందు మూత చాలాసేపు తెరిచి ఉంచాలి. మూసి ఉన్న సంపుల్లో ఊపిరాడక ప్రాణాలు పోయిన సంఘటనలు మన రాష్ట్రాల్లో కొత్త కాదు. ఒంటరిగా ఎవరినీ దించకూడదు.

మూడో ముక్క మిద్దె మీది ట్యాంకు. వెయ్యి లీటర్ల గుండ్రటి ట్యాంకులో ఒక సెంటీమీటరు మట్టం సుమారు తొమ్మిది, పది లీటర్లు. రాత్రి ఎవరూ నీళ్లు వాడని గంటల్లో మట్టం తగ్గిందంటే లీకేజీ ట్యాంకు కింద, అంటే ఇంటి లోపలి లైన్లలో ఉంది. ట్యాంకు నుంచి దిగే వాల్వులు విడివిడిగా ఉంటే ఒక్కోటీ కట్టేసి ఏ లైనులో ఉందో తేల్చవచ్చు. ఒక్కోసారి ట్యాంకులో మట్టం తగ్గుతుంది, సంపులో అంత మేరకు పెరుగుతుంది. అప్పుడు లీకేజీ లేదు. మోటారు పైపులోని నాన్ రిటర్న్ వాల్వు పాడై ఎక్కించిన నీళ్లు తిరిగి కిందికి దిగుతున్నాయి. నీటి బిల్లు పెరగదు కానీ మోటారు అవే నీళ్లను మళ్లీమళ్లీ ఎక్కించి కరెంటు బిల్లు పెంచుతుంది.

మోటారు వేసి మరిచిపోవడం గురించి వేరే చెప్పనక్కరలేదు. ట్యాంకు నిండగానే మోటారును ఆపే ఆటోమేటిక్ లెవెల్ కంట్రోలర్ పెట్టుకుంటే ఆ బాధ తీరిపోతుంది.

ఫ్లష్ ట్యాంకు

ఇంటి లోపల కంటికి కనిపించకుండా ఎక్కువ నీళ్లు తినేది కమోడ్ వెనుక ఉన్న ఫ్లష్ ట్యాంకు. అడుగున ఉన్న రబ్బరు సీలు అరిగినా, బోరు నీటి సున్నం పట్టి సరిగా కూర్చోకపోయినా నీళ్లు కమోడ్ గోడ వెంట పలుచటి పొరలా జారుతూనే ఉంటాయి. నగరంలో చాలా బోర్ల నీళ్లు ఉప్పదనం, గట్టిదనం ఉన్నవే కాబట్టి ఈ సీళ్లు ఇక్కడ త్వరగా పాడవుతాయి. అయిదు నిమిషాలకు ఒక లీటరు చొప్పున జారితే రోజుకు 288 లీటర్లు, నెలకు ఎనిమిదిన్నర కిలోలీటర్లు. రెండు మామూలు ట్యాంకర్లకు కాస్త తక్కువ. రెండు మరుగుదొడ్లలో ఇదే జరుగుతుంటే ఉచిత పరిమితిలో ముప్పావు వంతు పైన అక్కడే కరిగిపోతుంది.

పరీక్షకు నీలిమందు చాలు. ఫ్లష్ ట్యాంకు మూత తీసి నాలుగు చుక్కలు వేసి, ఎవరూ ఫ్లష్ చేయకుండా పావుగంట ఆగాలి. కమోడ్‌లో నీలం కనిపిస్తే సీలు పోయింది. ఫ్లష్ ట్యాంకును గోడలోపల దాచి ఉంటే కమోడ్ లోపలి వెనుక వైపును పొడి టిష్యూతో తుడిచి, దాని మీద ఇంకో పొడి టిష్యూ అంటించి చూడాలి, అది తడిస్తే నీళ్లు జారుతున్నట్టే. ట్యాంకులో నీళ్లు ఓవర్‌ఫ్లో గొట్టం అంచు దాకా నిలబడి ఉంటే తప్పు కింది సీలుది కాదు, నీళ్లు నింపే ఫ్లోట్‌ది. ఈ రెండిటినీ కలిపేసి ఒకటి మార్చాల్సిన చోట ఇంకొకటి మార్చే ప్లంబర్లు ఉంటారు, అందుకే ముందు ఏది పోయిందో మనం తేల్చుకుని పిలవడం మంచిది. సున్నం పట్టిన సీలును నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెడితే కొన్నాళ్లు పనిచేస్తుంది. రబ్బరు గట్టిపడిపోయి ఉంటే మార్చడమే.

హెల్త్ ఫాసెట్‌కు కింద యాంగిల్ కాక్ ఉంటుంది. వాడనప్పుడు దాన్ని కట్టేస్తే గొట్టం మీద ఒత్తిడి ఉండదు, గొట్టం పగలదు. ఊరెళ్లే ముందు తప్పకుండా కట్టేయాలి. ఎవరూ లేని ఇంట్లో ఈ గొట్టం పగిలితే ట్యాంకు మొత్తం ఖాళీ అయ్యేదాకా ఆగదు.

గోడల్లో, నేలలో

పాత ఇళ్లలో జీఐ, అంటే జింకు పూత ఇనుప, పైపులు లోపలి నుంచి తుప్పు పడతాయి. కొత్త ఇళ్లలో సీపీవీసీ ప్లాస్టిక్ పైపు చెడదు, అతుకులు చెడతాయి, ముఖ్యంగా జిగురు ఆరకముందే నీళ్లు వదిలిన చోట. గోడ రంగు పొట్టులా లేవడం, టైల్స్ సందుల్లో నల్లగా మారడం, కింది ఇంటి పైకప్పున మరక, ఇవి గుర్తులు. అయితే చెమ్మ కనిపించిన చోటే లీకేజీ ఉంటుందని లేదు. నీళ్లు స్లాబులో దారి వెతుక్కుని పది అడుగుల దూరంలో తేలవచ్చు. అందుకే నేల పగలగొట్టే ముందు లైనును వాల్వులతో విడదీయాలి, తర్వాత చేతి పంపుతో పైపులో ఒత్తిడి ఎక్కించి గేజి చూడాలి. అరగంట పాటు ముల్లు కదలకపోతే ఆ లైను నిర్దోషి. జలమండలి లైన్‌మన్లు ఇనుప కడ్డీని రోడ్డుకు ఆనించి చెవి పెట్టి లీకేజీ వినడం పాత పద్ధతి. ఇప్పుడు ఎలక్ట్రానిక్ మైకులు, థర్మల్ కెమెరాలతో వెతికే వాళ్లు నగరంలో దొరుకుతారు. టైల్స్ తవ్వించే ఖర్చుతో పోలిస్తే వాళ్ల రుసుము తక్కువే.

కుళాయి, వాడకం

సెకనుకు ఒక చుక్క కారే కుళాయి ఏడాదికి 11,000 లీటర్లకు పైగా వృథా చేస్తుందని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్క. అంటే నెలకు ఒక కిలోలీటరు లోపు. వాషరు మార్చాలి, నిజమే. కానీ ఒక్క చుక్కల కుళాయి వల్ల బిల్లు రెట్టింపయిందంటే నమ్మకూడదు. పాత స్క్రూ కుళాయికి వాషరు, సగం తిప్పితే తెరుచుకునే కొత్త కుళాయికి లోపలి కార్ట్రిడ్జి, మార్చవలసింది అంతే.

వాడకంలో పెద్ద తేడాలు తెచ్చేవి కొన్నే. పాత ఫ్లష్ ట్యాంకు ఒక్కసారికి పది లీటర్ల పైన వదులుతుంది, డ్యూయల్ ఫ్లష్ మూడు, ఆరు లీటర్లతో సరిపెడుతుంది. బకెట్టు స్నానానికి ఇరవై లీటర్లు సరిపోతే, షవరు నిమిషానికే పది దాకా పోస్తుంది. పై నుంచి బట్టలు వేసే వాషింగ్ మెషీన్, ముందు తలుపు ఉన్నదాని కంటే సుమారు రెట్టింపు నీళ్లు తాగుతుంది. ఆర్ఓ ప్యూరిఫయర్ మామూలుగా ఒక లీటరు మంచినీటికి మూడు లీటర్ల దాకా వదిలేస్తుంది. రోజుకు పది లీటర్లు పట్టుకునే ఇంట్లో నెలకు దాదాపు ఒక కిలోలీటరు ఇలా పోతుంది. గొట్టాన్ని బకెట్టులో పెడితే ఆ నీళ్లు గచ్చు కడగడానికి, మరుగుదొడ్డికి పనికొస్తాయి. ఉప్పు ఎక్కువగా ఉంటుంది కాబట్టి కుండీల మొక్కలకు రోజూ పోయకూడదు. కుళాయి మూతికి బిగించే ఏరేటర్ నీటికి గాలి కలిపి ధారను తగ్గిస్తుంది. 2024 వేసవి నీటి కరువులో బెంగళూరు జలమండలి దీన్ని వాణిజ్య భవనాలకు, అపార్ట్‌మెంట్లకు తప్పనిసరి చేసింది. నాలుగు కుళాయిలకు ఏరేటర్లు బిగించడం పది నిమిషాల పని, అయినా సంపు పొంగుతున్న ఇంట్లో దానివల్ల ఒరిగేది ఏమీ లేదు.

అపార్ట్‌మెంట్లు

అపార్ట్‌మెంట్‌కు సాధారణంగా ఒకే కనెక్షన్, ఒకే మీటరు. ఉచిత పరిమితి ఫ్లాటుకు 20 కిలోలీటర్ల చొప్పున లెక్క కడతారు, అయితే ఆస్తి పన్ను గుర్తింపు సంఖ్యతో, ఆధార్‌తో అనుసంధానమైన ఫ్లాట్లకే. నలభై ఫ్లాట్లకు 800 కిలోలీటర్లు రావాల్సిన చోట పది ఫ్లాట్లు చేసుకోకపోతే 600తో సరిపెట్టుకోవాలి. ఆ పదీ తరచూ యజమానులు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న ఫ్లాట్లే అవుతాయి. మిగిలిన ముప్పై ఇళ్లవాళ్లు లీకేజీ వెతుకుతూ, ఒకరినొకరు అనుమానిస్తూ గడుపుతారు. సంఘం కార్యదర్శి చేయవలసిన మొదటి పని అనుసంధానమైన ఫ్లాట్ల సంఖ్యను బిల్లుతో సరిచూడటం.

ఫ్లాటుకో ఉపమీటరు లేకపోతే లీకేజీ ఎవరిదో తేలదు, సరిచేయాలన్న తొందర ఎవరికీ ఉండదు. పైపులు ఒక్కో స్నానాల గదికి వేరువేరుగా దిగే పాత భవనాల్లో ఒక ఫ్లాటుకు మూడు, నాలుగు ఉపమీటర్లు కావాలి. ఖర్చు ఎక్కువే. కట్టేటప్పుడే ఫ్లాటుకు ఒకే ప్రవేశ పైపు పెట్టించుకోవడం మేలు.

స్థిర రుసుము ఊళ్లు, అమెరికా

ఆంధ్రప్రదేశ్‌లోని చాలా పురపాలికల్లో, హైదరాబాద్ బయటి తెలంగాణ పట్టణాల్లో ఇంటి కుళాయికి నెలకు ఇంత అని స్థిర రుసుము. అక్కడ ఎంత లీకైనా బిల్లు పెరగదు. పెరిగిందంటే బకాయి, వడ్డీ, కుళాయి సైజు, లేదా తరగతి మార్పు కారణం. లీకేజీ నష్టం ట్యాంకర్ ఖర్చులోనో కరెంటులోనో తేలుతుంది.

అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ల ఇళ్లలో పరిస్థితి తలకిందులు. పైపులో నిరంతరం ఒత్తిడి ఉంటుంది కాబట్టి కుళాయిలు కట్టేసి మీటరు చూసే పరీక్ష అక్కడ చక్కగా పనిచేస్తుంది. సగటు ఇంట్లో ఏడాదికి దాదాపు 10,000 గ్యాలన్లు లీకేజీల్లో పోతాయని అక్కడి పర్యావరణ సంస్థ చెబుతుంది. టెక్సాస్ వంటి చోట్ల అసలు దోషి పచ్చిక తడిపే స్ప్రింక్లర్. అంగుళంలో ముప్పై రెండో వంతు రంధ్రం ఉన్నా నెలకు 6,300 గ్యాలన్లు, అంటే సుమారు 23,800 లీటర్లు పోతాయి. హైదరాబాద్ ఉచిత పరిమితికి మించిన నీళ్లవి. డాలస్, ఆస్టిన్ వంటి నగరాల్లో మురుగు చార్జీని చలికాలపు సగటు వాడకం మీద నిర్ణయిస్తారు. ఆ నెలల్లో కమోడ్ లీకైతే ఏడాది పొడుగునా ఆ భారం మోయాలి. మరమ్మతు రసీదు చూపిస్తే లీకేజీ నెల బిల్లును కొంత తగ్గించే వెసులుబాటు అక్కడి చాలా సంస్థల్లో ఉంది.

ఫిర్యాదు

జలమండలి ఫిర్యాదు సంఖ్య 155313. ఫోను చేసే ముందు బిల్లు మీది క్యాన్ నంబరు (వినియోగదారు ఖాతా సంఖ్య), కనీసం రెండు తేదీల మీటరు ఫోటోలు దగ్గర పెట్టుకోవాలి. అంకెలు స్పష్టంగా కనబడేలా, తేదీ తెలిసేలా తీసిన ఫోటో నోటి మాట కన్నా బలమైనది. మీటరు మీద అనుమానమైతే మార్చమని కాదు, పరీక్షించమని రాతపూర్వకంగా అడగాలి. తరగతి తప్పయితే ఆస్తి పన్ను రసీదు, దుకాణం లేదని చూపే ఫోటో జతచేయాలి. ఇంటి లోపలి లీకేజీకి బోర్డు బాధ్యత ఉండదు, మీటరుకు ముందున్న పైపు లీకైతే బాగుచేయవలసింది బోర్డే. నెలకొకసారి, ఒకే తేదీన మీటరు ఫోటో తీసి పెట్టుకోండి. బిల్లు పెరిగిన నెలలో మీ దగ్గరుండే సాక్ష్యం అదొక్కటే.